రికెట్సియా స్లైడు చదవడం, 4వ పాఠం: ముందు రక్తనాళం, తర్వాతే ఎర్ర చుక్క

రికెట్సియా అంటే స్పాటెడ్ ఫీవర్ లాంటి జ్వరాలు తెచ్చే బాక్టీరియా. పోయిన పాఠంలో, రోగి చర్మపు ముక్కలో దాన్ని వెతకడానికి, దానికి అతుక్కునే యాంటీబాడీ వేసి, కడిగి, ఫాస్ట్ రెడ్ అనే రంగుతో ఆ చోట ఎరుపు తెప్పించాం. గోధుమ రంగు ఎందుకు వద్దన్నామో గుర్తుందిగా? చర్మంలోని మెలనిన్, రక్తం కారిన చోట మిగిలే హీమోసిడెరిన్ కూడా గోధుమ రంగులోనే ఉంటాయి. దొంగనీ దొరనీ ఒకే చొక్కాలో చూడలేం.

ఇప్పుడు స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టండి. కొత్తవాళ్లు చేసే తప్పు, రాగానే పెద్ద లెన్సు తిప్పి ఎరుపు కోసం వెతకడం. 10 లెన్సులోనే ఆగండి. రికెట్సియా ఎక్కువగా కాపురం ఉండేది రక్తనాళాల లోపలి పొరలో, అంటే ఎండోథీలియల్ కణాల్లో. కాబట్టి చుట్టూ లింఫోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలు మూగి, ఎర్ర రక్తకణాలు బయటికి కారిన నాళాలను ముందు పట్టుకోండి. కొన్నిట్లో ఫైబ్రిన్ గడ్డ కూడా కనిపిస్తుంది.

అలాంటి నాళం దొరికాక 40కి, ఆపైన ఆయిల్ లెన్సుకి వెళ్లండి. పక్కనున్న ఎర్ర రక్తకణమే మీ స్కేలు. అది దాదాపు 7 మైక్రాన్లు, బాక్టీరియా పొడవు 1, 2 మైక్రాన్లకు మించదు. కణద్రవ్యంలో సన్నటి రవ్వలూ పొట్టి కడ్డీలూ గుంపుగా కనబడాలి. ఎస్కార్ నుంచి, అంటే పురుగు కుట్టిన చోటి నల్లటి పెచ్చు నుంచి తీసిన ముక్కైతే మాక్రోఫేజ్‌లలోనూ చూడండి.

నేర్చుకునే రోజుల్లో ఒకసారి రంగు మడ్డిని చూసి పాజిటివ్ అనబోయాను. ఫోకస్ తిప్పితే తెలిసింది, ఆ ఎరుపు కణజాలం మీద తేలుతోంది. నిజమైన చుక్క కణంతో పాటే ఫోకస్‌లోకి వస్తుంది. అదే రోగి ముక్కకి మామూలు కుందేలు సీరం వేసిన నెగెటివ్ కంట్రోల్‌నీ పక్కనే చూడండి. రెండింటిలోనూ అదే ఎరుపుంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

రిపోర్టులో జాతి పేరు రాయొద్దు. ఈ యాంటీబాడీ స్పాటెడ్ ఫీవర్ గుంపు మొత్తాన్నీ పట్టుకుంటుంది. "స్పాటెడ్ ఫీవర్ గుంపు రికెట్సియా యాంటిజెన్ కనిపించింది" అంటే చాలు. స్క్రబ్ టైఫస్‌కి కారణమయ్యే ఓరియెన్షియా ఇందులో రాదు, దానికి వేరే యాంటీబాడీ కావాలి.

అసలు టెన్షన్ నెగెటివ్ వచ్చినప్పుడు. బాక్టీరియా చర్మమంతా సమానంగా పరుచుకుని ఉండదు. మనకి వచ్చింది 3, 4 మిల్లీమీటర్ల పంచ్ ముక్క, అంటే గుండ్రటి కత్తితో చర్మం నుంచి తీసిన చిన్న ముక్క. రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్‌లో, దద్దురు నుంచే ముక్క తీసినా ఈ పరీక్ష పట్టుకునేది సుమారు 70 శాతం కేసులనే. ఈ జబ్బుకిచ్చే మందు డాక్సీసైక్లిన్ మొదలై రెండు రోజులు దాటితే ఇంకా తగ్గుతుంది. అందుకే బ్లాకు (ముక్కను పొదిగిన మైనపు దిమ్మ) లోతుకి వెళ్లి మరికొన్ని సెక్షన్లు కోయించండి. అప్పటికీ ఏమీ లేకపోతే "కనిపించలేదు" అని రాయండి, "జబ్బు లేదు" అని కాదు. వైద్యుడు మన రిపోర్టు కోసం మందు ఆపకూడదన్న మాట కూడా ఫోన్లో చెప్పండి.

వచ్చే పాఠానికి ముందు ఒక పని. వాస్కులైటిస్ (రక్తనాళాల వాపు) ఉన్న పాత హెచ్ అండ్ ఈ స్లైడు, అంటే మామూలు రంగులు వేసిన స్లైడు తీసుకుని, 10 లెన్సులోనే వాచిన నాళాలు ఎన్నో లెక్కపెట్టండి. 5వ పాఠంలో ఎస్కార్ ముక్క నుంచి పీసీఆర్, అంటే బాక్టీరియా డీఎన్ఏని పట్టే పరీక్ష చూద్దాం.