పాత బుల్లెట్‌కి తర్వాతి మోడల్ ఆల్టర్నేటర్: నాలుగో పాఠం

ఆల్టర్నేటర్ అంటే ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించేది, అందులో కదలకుండా ఉండే తీగచుట్టల భాగం స్టేటర్. మూడో పాఠం చదివి మీటరుతో స్టేటర్ వోల్టులు చూసినవాళ్లలో చాలామందికి సున్నా వచ్చింది. రాజోలు వైపు ఒకాయన స్టేటర్ కాలిపోయిందనుకుని, బాగున్నదాన్ని పాత ఇనుముకి వేసేశారు. ఆ తప్పులో నాకూ భాగం ఉంది. ‘వైర్లు విప్పి ఏసీ వోల్టులు చూడండి’ అని రాసి వదిలేశాను. మీటరు కొనలు రెండూ ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. అందుకే ఇవాళ ముందు అదే చెబుతాను.

మీరు ఒక కొన స్టేటర్ వైరుకీ, రెండోది ఇంజను బాడీకీ పెట్టారు. ఇంట్లో కరెంటు చూసే అలవాటు అది. ఇంటి కరెంటులో న్యూట్రల్‌ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్తు చేస్తారు కాబట్టి ఫేజుకీ ఎర్తుకీ మధ్య వోల్టేజి కనిపిస్తుంది. బండి స్టేటర్‌లో బ్యాటరీకి ఇచ్చే చుట్టకి బాడీతో సంబంధం ఉండదు. కాబట్టి మీటరు రెండు కొనలూ ఆ చుట్ట తాలూకు రెండు వైర్లకే పెట్టాలి. ఇంజను ఆపి ఓంలు చూస్తే వైరుకీ వైరుకీ మధ్య చాలా తక్కువ రావాలి. వైరుకీ ఇనుప భాగానికీ మధ్య కనెక్షనే చూపకూడదు (సున్నా అని కాదు, కొనలు గాలిలో ఉన్నట్టే చూపాలి), చూపితే చుట్ట లోపల ఎక్కడో బాడీకి తగులుతోందన్నమాట. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ ఇచ్చేకొద్దీ ఏసీ వోల్టులు పెరుగుతున్నాయా చూడండి. పెరిగితే స్టేటర్ బాగానే ఉంది.

నాలుగు వైర్లు వచ్చే స్టేటరైతే ఒక జత హెడ్‌లైటుకి నేరుగా ఏసీ ఇస్తుంది, రెండో జత రెక్టిఫైయర్ (ఏసీని డీసీగా మార్చేది) మీదుగా బ్యాటరీకి వెళ్తుంది. రంగు చూసి జత తేల్చకండి. మన వైపు బళ్లలో వైరింగ్ ఎన్ని చేతులు మారిందో ఎవరికీ తెలియదు. ఓంలు చూసి జతలు కనుక్కుని, టేపు చుట్టి, దాని మీద రాసి పెట్టుకోండి. సఖినేటిపల్లి, అంతర్వేది వైపు వాళ్లు కనెక్టర్లు కూడా విప్పి చూడాలి. ఉప్పుగాలికి లోపల పచ్చగా చిలుము పడుతుంది. అది గీకకుండా తీసిన రీడింగ్ ఏదీ నమ్మకండి.

ఇక పాత ఆల్టర్నేటర్ తీసి తర్వాతి మోడల్‌ది వేసే సంగతి. చైన్‌కేసు విప్పడం, ఆయిల్ దించడం మీకు తెలుసు. మ్యాగ్నెట్ (క్రాంకు, అంటే ఇంజను షాఫ్టు, మీద ఎక్కి స్టేటర్ లోపల తిరిగేది), స్టేటర్ రెండూ ఒకే బండివి తెచ్చుకోండి. వేర్వేరు ఏళ్లవి కలిపితే మ్యాగ్నెట్ మందం ఒకటి, స్టేటర్ మందం ఇంకొకటి అవుతుంది. అప్పుడు స్టేటర్‌ని పట్టి ఉంచే స్టడ్డుల మీద వాషర్లు సర్ది రెండింటినీ ఎదురెదురుగా తేవాలి. క్రాంకు మీద అర్ధచంద్రం కీ పాతదైతే కొత్తది వేయండి. 6 వోల్టుల బండిని 12కి మారుస్తుంటే బ్యాటరీ, బల్బులు, హారన్, ఫ్లాషర్, ఇగ్నిషన్ కాయిల్ అన్నీ మారాలి, స్టేటర్‌కి సరిపోయే రెగ్యులేటర్ (వోల్టేజి మితి మీరకుండా ఆపేది) కూడా ఉండాలి.

నాకు బాగా బాధ కలిగించేది గ్యాప్ విషయం. మ్యాగ్నెట్‌కీ స్టేటర్‌కీ మధ్య చుట్టూ 0.2 మిల్లీమీటర్లు, అంటే 8 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ఖాళీ ఉండాలి. కొందరు మెకానిక్కులు ఒక్కచోట ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి సరే అంటారు. మ్యాగ్నెట్ రాసుకుంటే స్టేటర్ లోపలి అంచుని ఆకురాయితో అరగదీస్తారు. ఆ పని చేయనివ్వకండి. స్టేటర్ ఇనుము ఒకే ముద్ద కాదు, పల్చటి రేకుల దొంతర. రేకుకీ రేకుకీ మధ్య కరెంటు పారకుండా పూత ఉంటుంది. అరగదీస్తే అంచులు ఒకదాని మీదికి ఒకటి సాగి అతుక్కుంటాయి, ఇనుములోనే కరెంటు సుళ్లు తిరిగి వేడెక్కుతుంది. రాసుకుంటోందంటే స్టడ్డు వంగి ఉండాలి, లేదా క్రాంకు బేరింగ్ లూజై ఉండాలి. సరిచేయాల్సింది దాన్ని.

స్టీలు ఫీలర్ గేజి ఇక్కడ మోసం చేస్తుంది. మ్యాగ్నెట్ దాన్ని లాగి పట్టుకుంటుంది, బిగుతుగా ఉందనిపిస్తుంది. ఇత్తడి గేజి ఉంటే మంచిది. నేను కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బాని పట్టీలుగా కోస్తాను. ఆ రేకు ఇంచుమించు 0.1 మిల్లీమీటరు ఉంటుంది, రెండు పొరలైతే సరిపోతుంది. మైక్రోమీటరు దొరికితే ఒకసారి కొలిచి చూసుకోండి. ఆ పట్టీని మ్యాగ్నెట్ చుట్టూ చుట్టి, స్టేటర్ ఎక్కించి, నట్లు కొంచెం కొంచెంగా మూడింటినీ మార్చి మార్చి బిగించి, పట్టీని లాగేయండి. బిగించే ముందు మ్యాగ్నెట్‌ని గుడ్డతో తుడవండి. ఇనుప రజను దానికి అంటుకుని ఉంటుంది. నా బండిలో ఒకసారి చిన్న స్ప్రింగ్ వాషర్ అలా అంటుకుని ఉండిపోయింది. గోదావరి దాటే నర్సాపురం పంటు ఎక్కే లోపే చైన్‌కేసులో గరగర మొదలైంది.

అభ్యాసం: స్టేటర్ ఆరు పోల్స్ (చుట్టలు చుట్టిన ఇనుప పళ్లు) దగ్గరా గ్యాప్ చూసి రాసుకోండి. క్రాంకుని పావు చుట్టు తిప్పి మళ్లీ ఆరూ చూడండి. అలా పూర్తి చుట్టు తిరిగేసరికి 24 రీడింగులు అవుతాయి. పోల్ మారితే గ్యాప్ మారుతోందంటే స్టేటర్ పక్కకి ఉంది. ఒకే పోల్ దగ్గర క్రాంకు తిప్పినప్పుడు మారుతోందంటే మ్యాగ్నెటో, క్రాంకో ఒంకరగా తిరుగుతోంది. ఈ 24 అంకెలూ కాగితం మీద పెట్టుకున్నాకే ఐదో పాఠం తెరవండి. అందులో రెగ్యులేటర్ కలుపుదాం, 12 వోల్టుల బండిలో బ్యాటరీ దగ్గర 14 వోల్టుల చుట్టుపక్కల నిలిచేదాకా.