టై ముడి కుదరడం లేదా? లోపాన్ని బట్టి కారణం, సవరణ

ముడి బాగా రాలేదంటే చాలామంది దాన్నే నొక్కీ లాగీ దారికి తేవాలని చూస్తారు. కానీ లోపం చాలాసార్లు అంతకుముందే జరిగిపోయి ఉంటుంది: టైని మెడ మీద వేసుకున్న కొలతలోనో, కాలర్‌కు నప్పని ముడిని ఎంచుకోవడంలోనో. అలాంటప్పుడు విప్పి మళ్లీ కట్టడమే దగ్గరి దారి. కింద కుడి, ఎడమ అన్నవి కట్టుకునేవారి వైపు నుంచి. మొదలుపెట్టేటప్పుడు వెడల్పు కొస కుడివైపు ఉంటుంది.

పొడవు కుదరడం లేదు

నిటారుగా నిలబడితే వెడల్పు కొస మొన బెల్టు బకిల్ దగ్గర ఆగాలి. ఎంత తేడా వచ్చిందో కొలవండి. 5 సెం.మీ. పొట్టిగా ఉంటే, విప్పి, టైని వెడల్పు కొస వైపుకు 5 సెం.మీ. జరిపి అదే ముడి మళ్లీ వేయండి. ముడి తినే గుడ్డ మారదు కాబట్టి ఎంత జరిపితే అంతే దిగుతుంది, సన్న కొస అంతే పైకి పోతుంది. కుదిరాక, మొదట్లో సన్న కొస మొన చొక్కా ఎన్నో గుండీ దగ్గర ఉందో గుర్తుపెట్టుకోండి. టై మారినా ముడి మారినా ఆ గుర్తు పనికిరాదు.

వెడల్పు కొస సరిగ్గానే ఉండి, దాని కింద నుంచి సన్న కొస తొంగిచూస్తుంటే ఆ టై మీకు పొడవెక్కువ. ఎక్కువ గుడ్డ తినే ముడులైన హాఫ్ విండ్సర్‌కో ఫుల్ విండ్సర్‌కో మారండి. సన్న కొస వెనకనున్న పట్టీలోకి కూడా అందకపోతే తక్కువ గుడ్డ తినే ఫోర్ ఇన్ హ్యాండ్ ముడి వేయండి. మామూలు టై 145 నుంచి 150 సెం.మీ. ఉంటుంది. పొడగరులకు, మెడ లావుగా ఉన్నవారికి అది చాలకపోతే 155–160 సెం.మీ. టై కొనాల్సిందే.

ముడి ఒక పక్కకు వాలుతోంది

కట్టింది ఫోర్ ఇన్ హ్యాండ్ అయితే అది లోపం కాదు, ఆ ముడి తీరే అంత. వెడల్పు కొసను సన్న కొస మీదుగా ఎడమకు, కింద నుంచి కుడికి, మళ్లీ పై నుంచి ఎడమకు తిప్పి, మెడ దగ్గరి సందులోంచి పైకి తీసి, ముందున్న చుట్టులోంచి కిందికి దించుతాం. చుట్లన్నీ ఒకే దిశలో పడతాయి కాబట్టి ముడి కాస్త ఒరుగుతుంది. ఆ ఒరుగు అందంగానే ఉంటుంది, దాన్ని నిటారు చేయాలని పట్టుబట్టకండి.

రెండు పక్కలా సమానంగా ఉండాలంటే ఫుల్ విండ్సర్ కట్టాలి. హాఫ్ విండ్సర్ దానికి దగ్గరగా వస్తుంది, చాలా సందర్భాలకు అదే చాలు. పై నుంచి ఎడమకు, కింద నుంచి కుడికి తిప్పాక, వెడల్పు కొసను పైకెత్తి మెడ సందులోకి ముందు నుంచి దించి ఎడమ పక్కకు తీయండి. ముడి మీదుగా కుడికి అడ్డంగా వేసి, కింద నుంచి మెడ సందులోంచి పైకి తీసి, ముందు చుట్టులోకి దించండి. ఇదీ వంకరగా వస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: చుట్లన్నీ వదులుగా వేసి చివర్లో ఒక్కసారిగా బిగించడం. ముందు చుట్టు బిగుస్తుంది కానీ లోపలిది వదులుగానే ఉండిపోతుంది. ప్రతి చుట్టు తర్వాతా కొద్దిగా బిగిస్తూ పోవాలి.

ముడి కాలర్‌కు నప్పడం లేదు

కాలర్ మొనల మధ్య ఎడం తక్కువైతే పెద్ద ముడి వాటిని పైకి లేపేస్తుంది. అలాంటి కాలర్‌కు ఫోర్ ఇన్ హ్యాండ్. మొనలు బాగా విడిపోయిన కాలర్‌కు హాఫ్ లేదా ఫుల్ విండ్సర్, లేకపోతే ముడికి రెండు పక్కలా ఖాళీ కనిపిస్తుంది. గుడ్డ కూడా చూడండి: ఊలు టై, అల్లిన టై ఏ కాలర్ మీదైనా ఫోర్ ఇన్ హ్యాండే. మందమైన గుడ్డతో విండ్సర్ కడితే గడ్డలా తయారవుతుంది.

కుట్టున్న వైపు బయటికి వచ్చింది

ఒక మలుపు ఎక్కువో తక్కువో పడింది. ముడులన్నిటికీ ఒక లెక్క ఉంది. టైలతో ఎన్ని ముడులు సాధ్యమో లెక్కగట్టిన కేంబ్రిడ్జ్ భౌతిక శాస్త్రవేత్తలు థామస్ ఫింక్, యోంగ్ మావో 1999లో 85 అని తేల్చారు. వారి లెక్క ప్రకారం ఫోర్ ఇన్ హ్యాండ్‌కు 4 మలుపులు, హాఫ్ విండ్సర్‌కు 6, ఫుల్ విండ్సర్‌కు 8. ఇవన్నీ సరి సంఖ్యలు కాబట్టి కుట్టును ఒంటివైపు పెట్టి మొదలుపెడతాం. 5 మలుపుల ప్రాట్ ముడిని మాత్రం కుట్టు బయటికి కనిపించేలా మొదలుపెట్టాలి, అప్పుడే చివరికి మంచి వైపు ముందుకు వస్తుంది.

ముడి జారి, పై గుండీ కనిపిస్తోంది

ముందు కాలర్ చూడండి. గుండీ పెట్టాక లోపల రెండు వేళ్ల కంటే ఎక్కువ పడితే చొక్కా మెడ మీకు పెద్దది, ఏ ముడీ అక్కడ సరిగా కూర్చోదు. కాలర్ సరిపోతే లోపం బిగింపులో ఉంది. వెడల్పు కొసను కిందికి లాగి ముడిని గట్టిపరచండి. తర్వాత సన్న కొసను పట్టుకుని, ముడిని గుండీ మీదికి జరపండి. ఈ వరస తప్పితే, వదులు ముడి పైకి చేరి గంటలోపే దిగిపోతుంది.

ముడి కింద సొట్ట పడటం లేదు

ముడి కింద గుడ్డ మధ్యలో కావాలని పెట్టే చిన్న గుంటే ఈ సొట్ట. పూర్తిగా బిగిశాక అది పడదు. చివరి బిగింపుకు ముందే చూపుడు వేలిని ముడి కింద గుడ్డ మధ్యలో నొక్కి, బొటనవేలు, మధ్యవేలితో అంచులను రెండు పక్కల నుంచీ దగ్గరికి పట్టండి. అలాగే పట్టి కిందికి లాగుతూ బిగించి, వేలు తీసేయండి.

టై మెలి తిరుగుతోంది

దాన్ని మధ్యలో పట్టుకుని వేలాడదీయండి. అప్పుడూ తిరిగితే కట్టే తీరులో తప్పు లేదు. 1920లలో న్యూయార్క్ టై తయారీదారు జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ ఐమూలగా కత్తిరించే పద్ధతి తెచ్చినప్పటి నుంచి టైలు సాఫీగా వేలాడుతున్నాయి. ఆ కోత సరిగా పడకపోయినా, లోపలి లైనింగ్ వంకరగా కుట్టినా మెలిక తప్పదు, దానికి ఇంట్లో చేసే సవరణ లేదు. వెనకవైపు వదులుగా కనిపించే దారం మాత్రం లోపం కాదు. టై సాగి మళ్లీ సర్దుకోవడానికే దాన్ని అలా వదులుతారు, కత్తిరించకండి.

ముడి చోట ముడతలు నిలిచిపోతుంటే, సన్న కొసను ముడిలోంచి లాగేసి టై తీస్తున్నారేమో చూసుకోండి. కట్టిన వరసకు సరిగ్గా వెనక్కి విప్పి, రాత్రంతా వేలాడదీయండి. అల్లిన టైని మాత్రం చుట్టి పెట్టాలి, వేలాడదీస్తే సాగుతుంది. అప్పటికీ పోని ముడతకు దూరం నుంచి ఆవిరి పట్టండి. ఇస్త్రీపెట్టెతో నేరుగా నొక్కితే అంచుల గుండ్రదనం పోయి టై బల్లపరుపుగా అయిపోతుంది.