పై పోర్షన్ అద్దెకిచ్చే ముందు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పై పోర్షన్ పన్నెండేళ్లుగా అద్దెకిస్తున్నాను. ‘పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదండీ’ అని స్టాంప్ పేపర్లు అమ్మేవాళ్లు కూడా చెబుతారు. మన దగ్గర అది చెల్లదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ చట్టానికి చేసిన 1999 సవరణతో గడువు ఎంతైనా లీజును రిజిస్టర్ చేయాల్సిందే. చేయకపోతే రేపు కోర్టులో ఆ కాగితం పెద్దగా అక్కరకు రాదు.

తాళాలిచ్చే రోజు కరెంటు మీటర్ రీడింగ్, గోడలు, కుళాయిలు అన్నీ అద్దెకొచ్చేవాళ్ల ముందే ఫోన్‌లో ఫోటోలు తీసి, అప్పుడే వాళ్లకు వాట్సాప్ చేయండి. నేను ఒకసారి బద్ధకించాను. ఖాళీ చేసేటప్పుడు బాత్రూమ్ సింక్ పగిలి ఉంది, ‘ముందు నుంచే అంతేనండీ’ అన్నారు. ఏం చెప్పను? పద్దెనిమిది వందలు నా చేతి నుంచే పోయాయి.

పెయింటింగ్‌కు అడ్వాన్స్‌లో ఎంత పట్టుకుంటారో, మోటారు కరెంటు ఎవరు కట్టాలో ముందే రాయండి. గొడవలన్నీ అక్కడే. అద్దె మాత్రం బ్యాంకులోనే వేయించుకోండి.

నెలవారీ అద్దెలో ఖాళీ చేయించాలంటే, అగ్రిమెంట్‌లో వేరేగా లేకపోతే, పదిహేను రోజుల నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి. కోపమొచ్చి నీళ్లు, కరెంటు ఆపారంటే కేసు మీ మీదికే వస్తుంది.