మైకును అనుమానించే ముందు: గోప్యత సమస్యలు, అసలు కారణాలు, మందులు

గోప్యత గురించి నన్ను అడిగేవాళ్ళు చాలాసార్లు రోగం పేరు కూడా వాళ్ళే చెబుతారు: "నా ఫోను హ్యాక్ అయింది." తీరా చూస్తే హ్యాకర్ ఎవరూ ఉండరు. ఎప్పుడో తొందరలో నొక్కిన "అంగీకరిస్తున్నాను" ఒకటి ఉంటుంది. అందుకే ఇక్కడ లక్షణంతో మొదలుపెట్టి, అనుమానం నిజంగా ఎటు పోవాలో చూసి, ఆ తరువాతే మందు చెబుతాను. కొన్నింటికి మందు సెట్టింగుల్లో ఉంది, కొన్నింటికి చట్టంలో ఉంది. ఒకటి రెండింటికి ఎక్కడా లేదు.

"మాట్లాడుకున్న వస్తువు ప్రకటన గంటలోపే కనిపించింది"

అందరి అనుమానమూ మైకు మీదే. 2018లో నార్త్ ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. చాటుగా మైకు తెరిచి మాటలు పంపుతున్న యాప్ ఒక్కటీ వారికి దొరకలేదు. దొరికింది వేరొకటి: కొన్ని యాప్‌లు తమ తెర మీద మనం చేసే పనిని వీడియోగా తీసి బయటి కంపెనీలకు పంపుతున్నాయి. దాని గురించి ఎవరూ భయపడటం లేదు, ఎందుకంటే దాని గురించి ఎవరూ కథలు చెప్పుకోవడం లేదు.

మరి ప్రకటన ఎలా వచ్చింది? మీరు మాట్లాడిన మనిషి ఆ తరువాత దాని కోసం వెతికి ఉంటారు. ఇద్దరి ఫోన్లూ ఒకే వైఫైలో ఉన్నాయి, కాబట్టి బయటికి కనిపించే ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో ఆ కనెక్షన్ చిరునామా, ఒకటే. మీ నంబరు వాళ్ళ కాంటాక్టుల్లో ఉంది, వాళ్ళ కాంటాక్టుల జాబితా ఏదో యాప్ సర్వర్‌లో ఉంది. ఈ ముక్కలు కలపడానికి మాటలు వినవలసిన అవసరమే లేదు. దీనికి తోడు, గురి తప్పిన వంద ప్రకటనలను మనం లెక్కపెట్టము, తగిలిన ఒక్కదాన్ని నెల రోజులు చెప్పుకుంటాము.

అనుమానం తీర్చుకోవడం తేలిక. ఆండ్రాయిడ్ 12 నుంచి మైకు తెరుచుకుంటే తెర పైమూలన ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది; ఐఫోనులో ఐఓఎస్ 14 నుంచి నారింజ చుక్క కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లోని ప్రైవసీ డాష్‌బోర్డు తెరిస్తే గత 24 గంటల్లో ఏ యాప్ ఎన్ని గంటలకు మైకు వాడిందో వరుసగా ఉంటుంది. ముందు అది చూడండి.

ఆ తరువాత అసలు పని. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో ప్రకటనల ఐడీ అని ఒకటి ఉంటుంది: 32 అంకెలు, అక్షరాల గొలుసు. వేర్వేరు యాప్‌లలోని మిమ్మల్ని ఒకే మనిషిగా కుట్టే దారం అదే. దాన్ని తొలగిస్తే, అడిగిన ప్రతి యాప్‌కూ వరుసగా సున్నాలే కనిపిస్తాయి. ఐఫోనులో 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఐఓఎస్ 14.5 నుంచి, మీ వెంటపడాలంటే యాప్‌లు అనుమతి అడగక తప్పదు; అసలు అడిగే వీలే లేకుండా కూడా చేయవచ్చు. చివరగా, కాంటాక్టుల అనుమతి ఏయే యాప్‌లకు ఉందో చూసి పీకేయండి. నా దృష్టిలో అన్నిటికన్నా అన్యాయమైన అనుమతి ఇదే. సరే అనేది మీరు. వెళ్ళిపోయేది అడగని మూడు వందల మంది నంబర్లు.

"కుకీ బ్యానర్‌కు వద్దని చెప్పినా రోజూ మళ్ళీ అడుగుతోంది"

దీని కారణం వింటే నవ్వు వస్తుంది. మీరు చెప్పిన "వద్దు"ను సైటు ఎక్కడ రాసుకుంటుంది? ఒక కుకీలో, అంటే మీ బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైలులో. బ్రౌజర్ మూసేటప్పుడు కుకీలన్నీ తుడిచేసే సెట్టింగు పెట్టుకున్న జాగ్రత్తపరుడికి ఆ "వద్దు" కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ప్రైవేట్ విండోలోనూ అంతే. సఫారీలో అయితే స్క్రిప్టుతో రాసిన కుకీల ఆయుష్షు 7 రోజులే, కాబట్టి వారానికోసారి అదే ప్రశ్న.

ఇంకో కారణం కూడా ఉంది, ఇది అమాయకమైనది కాదు. ఒకసారి విసుగు పుట్టి, ఒక వార్తల సైటులో ఎఫ్12 నొక్కి కుకీల పట్టిక తెరిచాను. పేరు, విలువ, గడువు అని నిలువు వరుసలు ఉంటాయి. "అన్నీ అంగీకరిస్తున్నాను" నొక్కి చూస్తే నా జవాబు ఉన్న కుకీకి గడువు సరిగ్గా ఏడాది. అంతా తుడిచి, మళ్ళీ వచ్చి "నిరాకరిస్తున్నాను" నొక్కితే అదే కుకీకి గడువు సెషన్ ముగిసేదాకా, అంటే బ్రౌజర్ మూసేదాకా. అంటే సరే అన్న మాటను ఏడాది గుర్తుపెట్టుకుంటారు, వద్దన్న మాటను సాయంత్రానికి మరచిపోతారు. దీన్ని సాంకేతిక లోపం అనడానికి నాకు నోరు రాదు.

బ్యానర్ల పాపమంతా చట్టానిదే అనేవాళ్ళతో నాకు పేచీ. ఐరోపా సమాఖ్య 2002 నాటి ఆదేశాన్ని 2009లో సవరించి కుకీలకు ముందస్తు సమ్మతి తప్పనిసరి చేసిన మాట నిజం. కానీ లాగిన్, కొనుగోలు బుట్ట వంటి, సేవకు తప్పనిసరైన కుకీలకు ఆ చట్టమే మినహాయింపు ఇచ్చింది. వెంటపడని సైటుకు బ్యానర్ అక్కర్లేదు. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కాదని ఐరోపా న్యాయస్థానం 2019 అక్టోబరు 1న తేల్చింది. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు, కాదనడానికి చాలా నొక్కులు పెట్టినందుకు ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. నిరాకరించే బొత్తాం చాలా బ్యానర్లలో మొదటి తెర మీదికి వచ్చింది దయతో కాదు.

మందు ఇలా వేసుకోండి. కుకీలన్నీ తుడవడం మానేసి, బయటి సైట్ల కుకీలను, అంటే మీరు తెరిచిన సైటులో దూరిన వేరే కంపెనీలు పెట్టేవాటిని, మాత్రమే పూర్తిగా అడ్డుకోండి. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ప్రతి సైటు కుకీలనూ విడివిడి డబ్బాల్లో పెడుతుంది, దానంతట అదే. గూగుల్ కూడా క్రోమ్‌లో బయటి కుకీలను తీసేస్తానని 2020లో మాట ఇచ్చి 2024లో వెనక్కి తగ్గింది, కాబట్టి క్రోమ్ వాడేవారు ఆ మీట చేత్తో తిప్పుకోవలసిందే. ప్రకటనలను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాము) యూబ్లాక్ ఆరిజిన్ వాడుతుంటే, అందులో కుకీ నోటీసుల జాబితా ఒకటి ఉంది. మొదట్లో టిక్కు పెట్టి ఉండదు, మీరే పెట్టాలి. అది బ్యానర్‌ను దాచేస్తుంది. దాచడం అంటే ఒప్పుకున్నట్టు కాదు.

గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ అనే మీట కూడా వేయండి. నా సమాచారం అమ్మవద్దని అది ప్రతి సైటుకూ సంకేతం పంపుతుంది. ఫైర్‌ఫాక్స్, బ్రేవ్ బ్రౌజర్లలో ఉంది. "ఇది పాత డూ నాట్ ట్రాక్ లాంటిదే కదా" అంటారు. సాంకేతికంగా దాదాపు అలాంటిదే. 2009లో ప్రతిపాదించిన, నా వెంటపడవద్దని చెప్పే ఆ పాత సంకేతాన్ని పట్టించుకోవాలని ఏ చట్టమూ నిర్బంధించలేదు, సైట్లు పట్టించుకోలేదు. 2019 జనవరిలో దాని ప్రమాణాన్ని రాస్తున్న బృందాన్నే మూసేశారు. కొత్తదానికి కాలిఫోర్నియా చట్టం అండ ఉంది. ఈ సంకేతాన్ని పట్టించుకోలేదన్న ఆరోపణ ఉన్న కేసులో సౌందర్య సామగ్రి అమ్మే సెఫోరా సంస్థ 2022లో 12 లక్షల డాలర్లు కట్టి రాజీ పడింది. రెండు సంకేతాల మధ్య తేడా ఆ 12 లక్షలే.

"ప్రైవేట్ విండోలో చూసినా నన్ను గుర్తుపడుతున్నారు"

ప్రైవేట్ విండో దాచేది మీ కంప్యూటర్ వాడే తక్కినవాళ్ళ నుంచి. చరిత్ర, కుకీలు ఆ యంత్రంలో మిగలవు, అంతే. నెట్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్కుకు, అవతలి సైటుకు మీరు ఎప్పటిలాగే కనిపిస్తారు. ఈ అపోహ ఎంత పెద్దదంటే, దీని మీద 2020లో గూగుల్ మీద దావా పడింది. 2024 నాటి రాజీలో ఆ సంస్థ వందల కోట్ల బ్రౌజింగ్ రికార్డులను నాశనం చేయడానికి ఒప్పుకుంది.

రెండో కారణం బ్రౌజర్ వేలిముద్ర. తెర కొలతలు, ఫాంట్లు, టైమ్‌జోన్, గ్రాఫిక్స్ చిప్పు: విడివిడిగా ఏదీ రహస్యం కాదు, అన్నీ కలిస్తే అది మీరే. 2010లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ చేసిన ప్రయోగంలో పరీక్షకు వచ్చిన బ్రౌజర్లలో 83.6 శాతానికి ఇంకెవరితోనూ కలవని వేలిముద్ర ఉంది. గోప్యత కోసం పది ఎక్స్‌టెన్షన్లు తగిలించినవారు గుంపులో ఇంకా ప్రత్యేకంగా కనిపిస్తారు. దీనికి పూర్తి మందు లేదు. అందరినీ ఒకేలా కనిపించేలా చేసే టార్ బ్రౌజర్ దగ్గరి మందు, దాని నెమ్మదిని భరించగలిగితే. తక్కినవారు ఎక్స్‌టెన్షన్లు తగ్గించుకుంటే అదే పదివేలు.

"వీపీఎన్ పెట్టినా ఫలితం లేదు"

తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని. వీపీఎన్ మీ నెట్ రాకపోకలను ఇంకో కంపెనీ సర్వర్ గుండా పంపి, సైట్లకు కనిపించే ఐపీ అడ్రస్‌ను మారుస్తుంది. మీరు అదే ఖాతాతో లాగిన్ అయి ఉంటే ఇక దాచేది ఏముంది? లాగిన్ కాకున్నా గుర్తుపడితే డీఎన్ఎస్ లీక్ పరీక్ష చేయండి. డీఎన్ఎస్ అంటే సైటు పేరును ఐపీ అడ్రస్‌గా మార్చే సేవ; ఆ ప్రశ్నలు వీపీఎన్ పక్కనుంచి బయటికి పోతున్నాయేమో అందులో తెలుస్తుంది. అందులో మీ నెట్ కంపెనీ పేరే కనిపిస్తే, వీపీఎన్ యాప్‌లో దాని సొంత డీఎన్ఎస్ వాడే మీట వేయండి. నెట్ కంపెనీ మీద లేని నమ్మకం, ఉచిత వీపీఎన్ మీద ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం నన్ను అడగకండి.

"ఎక్కడో తెలియని చోటు నుంచి లాగిన్ అయినట్టు మెయిల్ వచ్చింది"

ముందు ఆ మెయిల్‌లోని లంకె నొక్కకండి. సైటు చిరునామా మీరే టైపు చేసి లోపలికి వెళ్ళి, సెషన్ల జాబితా, అంటే మీ ఖాతా ఎక్కడెక్కడ తెరిచి ఉందో, చూడండి. అపరిచిత లాగిన్ నిజమే అయితే, సాధారణ కారణం వేరే సైటులో బయటపడిన పాస్‌వర్డునే ఇక్కడా వాడటం. మీది అలా బయటపడిందేమో 2013 నుంచి నడుస్తున్న హ్యావ్ ఐ బీన్ ప్వన్‌డ్ సేవలో చూసుకోవచ్చు. "నా పాస్‌వర్డును ఇంకో సైటుకు చెప్పడమా" అన్న సందేహం సరైనదే, దానికి జవాబు అందంగా ఉంది: మీ బ్రౌజరే పాస్‌వర్డును 40 అక్షరాల హ్యాష్‌గా, అంటే లెక్క కట్టి తీసిన గుర్తుగా, మార్చి, మొదటి 5 అక్షరాలు మాత్రమే పంపుతుంది. ఆ అయిదుతో మొదలయ్యే హ్యాష్‌లన్నీ తిరిగి వస్తాయి. మీది అందులో ఉందో లేదో పోల్చుకునేది మీ యంత్రమే.

పాస్‌వర్డు మార్చి, మిగతా సెషన్లన్నీ మూసి, రెండో అంచె ధ్రువీకరణ పెట్టండి. మూడు నెలలకోసారి పాస్‌వర్డు మార్చమనే ఆఫీసు నియమం మాత్రం పాత చాదస్తం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే అలా బలవంతం చేయవద్దని చెప్పింది. జనం చేసేదల్లా చివరి అంకె పెంచడమే.

"ఖాతా తీసేసి ఆరు నెలలైంది, ఇంకా మెయిళ్ళు వస్తున్నాయి"

మీరు నొక్కింది బహుశా "నిష్క్రియం" బొత్తాం. "తొలగించు" ఇంకో రెండు తెరల లోపల ఉంటుంది. నిజంగానే తొలగించి ఉంటే, మెయిళ్ళు పంపే జాబితా వేరే కంపెనీ చేతిలో ఉండి ఉండవచ్చు. ఇక్కడ సెట్టింగులు అయిపోయాయి, చట్టం మొదలవుతుంది.

ఐరోపా వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. కంపెనీ ఐరోపా సమాఖ్యలో స్థిరపడినదైతే మీరు ప్రపంచంలో ఎక్కడున్నా అది మీకూ వర్తిస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. అలాంటి ఒక కంపెనీకి చెందిన, ఫోటోలు సర్దే యాప్ ఒకటి వాడి మానేశాను, మెయిళ్ళు ఆగలేదు. మొదటి ఉత్తరంలోనే "తొలగించండి" అనలేదు. 15వ అధికరణం కింద నా గురించి మీ దగ్గర ఏముంది, ఎవరికి ఇచ్చారు అని అడిగాను. తొలగించమని ముందే అడిగితే ఎవరికి ఇచ్చారో తెలిసే దారి మూసుకుపోతుంది.

జవాబుగా పాస్‌పోర్టు నకలు పంపమన్నారు. మెయిళ్ళు ఆపమని అడిగితే పాస్‌పోర్టు! అడిగింది ఎవరో అన్న సహేతుకమైన సందేహం ఉంటేనే అదనపు ఆధారం అడగాలని 12వ అధికరణం చెబుతుంది. నేను రాసింది ఖాతా తెరిచిన మెయిల్ నుంచే. ఆ ఒక్క వాక్యం రాశాను. పందొమ్మిదో రోజున జాబితా వచ్చింది, అందులో నేను పేరు కూడా వినని మూడు ప్రకటనల కంపెనీలు ఉన్నాయి. అప్పుడు 17వ అధికరణం కింద తొలగింపు ఉత్తరం రాశాను. జవాబుకు గడువు ఒక నెల. చిక్కు కేసైతే ఇంకో రెండు నెలలు పొడిగించుకోవచ్చు, కానీ ఆ సంగతి మొదటి నెలలోనే మీకు చెప్పాలి. లెక్కల చట్టాల కోసం ఉంచుకోవలసిన బిల్లుల వంటివి మాత్రం తొలగించరు, అది న్యాయమే.

ఉత్తరంలో కోపం వద్దు. తేదీ, ఖాతా మెయిల్, అధికరణం సంఖ్య, గడువు తేదీ ఉంటే చాలు. గడువు దాటితే ఆ దేశపు డేటా రక్షణ సంస్థకు అదే ఉత్తరం జతచేసి ఫిర్యాదు చేయండి.

"నా వీడియోను కాపీరైట్ పేరుతో తీసేశారు"

ముందు తేల్చుకోవలసింది: తీసింది చట్టమా, యంత్రమా? యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ దావా అయితే అది వీడియోలను యంత్రంతో పోల్చి చూసే ఆ సంస్థ సొంత ఏర్పాటు. అక్కడే అభ్యంతరం చెప్పండి, అవతలివారికి 30 రోజుల గడువు ఉంటుంది. కాపీరైట్ స్ట్రైక్ పడితే అది 1998 నాటి అమెరికా చట్టం, డీఎంసీఏ కింద వచ్చిన నోటీసు. దానికి విరుగుడు ప్రతినోటీసు, అంటే పొరపాటున తీసేశారని మీరు తిరిగి పంపే కాగితం. అది చేరాక ఫిర్యాదుదారు కోర్టుకు వెళ్ళకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో వీడియో తిరిగి రావాలి.

ఈ చట్టంలో తూకం ఒకవైపు మొగ్గుతుందని నా అభిప్రాయం. ఫిర్యాదు చేసేవారు ప్రమాణపూర్వకంగా చెప్పవలసింది తాము హక్కుదారు తరఫువారమన్న ఒక్క మాటే. ఉల్లంఘన జరిగిందనడానికి సద్భావంతో నమ్మితే చాలు. మీరు మాత్రం పొరపాటున తీసేశారన్న మీ నమ్మకాన్నే ప్రమాణం చేసి చెప్పాలి, అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకోవాలి, పేరు, చిరునామా, ఫోను నంబరు ఇవ్వాలి. ఆ కాగితం నకలు నేరుగా ఫిర్యాదుదారు చేతికి వెళుతుంది. మారుపేరుతో వీడియోలు చేసేవారు, ఫిర్యాదు వచ్చింది వీడియోలో తాము విమర్శించిన మనిషి నుంచే అయితే, ఇంటి చిరునామా రాయకముందు వకీలు ద్వారా పంపే వీలు ఉందేమో కనుక్కోవాలి.