సరిహద్దు అవతలి కళాశాలలో మన పిల్లలు ఇమడగలరా? తెలుసుకునే తీరు

ఒడిశాలోని పర్లాకిమిడి నుండి ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం చేరడానికి ఆటోలో కొద్దిసేపు చాలు. అయినా అటువైపు కళాశాలకు దరఖాస్తు పెట్టిన రోజునే మన పిల్లలు పరరాష్ట్ర విద్యార్థులవుతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడిన నాటి నుండి ఇటువైపు ఉండిపోయిన తెలుగు కుటుంబాలలో, బరంపురమైనా, గుణుపురమైనా, రాయగడైనా, "విశాఖలో అందరూ తెలుగువాళ్లే కదా" అన్న ఒక్క మాటతో ఈ నిర్ణయం ముగిసిపోతూ ఉంటుంది. ఇంటి భాష కలిసినంత మాత్రాన సావాసం కుదరదు. దానిని విడిగా పరిశీలించి తీరాలి.

ముందుగా తరగతిలో ఎవరెవరు ఉంటారో తెలుసుకోండి. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో 85 శాతం సీట్లు స్థానికులవి. అంటే మన అమ్మాయి తెలుగులోనే మాట్లాడినా, ఇంటర్ నుండే ఒకరినొకరు ఎరిగిన బృందాల మధ్య ఒంటరిగా అడుగుపెట్టవలసి రావచ్చు. కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగ్ సంస్థలైన ఎన్‌ఐటీలలో సగం సీట్లు ఇతర రాష్ట్రాల వారివి కనుక, అక్కడ ఇల్లు వదిలి వచ్చిన బెంగ చాలామందికి ఉంటుంది, స్నేహాలు కూడా ఆ బెంగలోనే మొదలవుతాయి. బిడియస్తులైన పిల్లలకు ఈ రెండవ రకం సంస్థే నయమని నా అభిప్రాయం.

తరువాత భాష సంగతి చూడాలి. ఒడియా మాధ్యమంలో చదివిన మన పిల్లలలో చాలామంది తెలుగు ధారాళంగా మాట్లాడతారు గాని చదవలేరు. హాస్టల్ గోడ మీది ప్రకటన, స్నేహితుల వాట్సాప్ గుంపులోని ఛలోక్తి, బస్సు మీది ఊరి పేరు వంటి చిన్న చిన్న చోట్లే వెలితి బయటపడుతుంది. కనుక ప్రవేశానికి ముందు వేసవిలో రోజుకొక అరగంట తెలుగు పత్రిక చదివించండి. యాస విషయంలో మాత్రం పిల్లలను సరిదిద్దవద్దు. ఇక్కడి బడిలో "తెలెంగా" (ఒడియాలో తెలుగువాడు) అనిపించుకున్న నేను, అక్కడి హాస్టల్లో మొదటి నెలంతా "ఒరియావోడి"నయ్యాను. మాట విని నవ్వుతారేమోనన్న భయంతో భోజనం దగ్గర కూడా నోరు విప్పేవాడిని కాదు. మాట్లాడే తెలుగుకు గౌరవం కావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. ఆ ఊరి పిల్లలు తమ మాటకు తామే సిగ్గుపడే పరిస్థితి రాకూడదు.

కళాశాలను చూడడానికి వెళ్లేటప్పుడు ప్రవేశాల హడావుడి రోజులు మానుకుని, మామూలు పనిదినాన వెళ్లి సాయంత్రం దాకా ఉండండి. వీలైతే మెస్సులో రాత్రి భోజనం చేసి, ఎవరు ఎవరితో కూర్చుంటున్నారో, ఒక్కరే తింటున్నవారు ఎందరో గమనించండి. రెండవ సంవత్సరం విద్యార్థులను, ముఖ్యంగా ఒడిశా నుండి వచ్చినవారు ఉంటే వారిని, పెద్దలు పక్కన లేకుండా మన పిల్లలే పలకరించాలి. "ఇక్కడ బాగుందా?" అని అడిగితే బాగుందనే అంటారు. "పోయిన ఆదివారం ఏం చేశావు? జ్వరం వస్తే గదికి ఎవరు భోజనం తెచ్చారు?" అని అడిగితే నిజం తెలుస్తుంది. స్థానికులు ఎక్కువగా ఉన్న కళాశాలలో శనివారం మధ్యాహ్నానికి శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు బస్సెక్కేస్తారు, హాస్టల్ సగం ఖాళీ అవుతుంది. హౌరా-చెన్నై రైలు మార్గం మీద ఉన్న బరంపురం వారికి ఇంటికి వచ్చిపోవడం సులువే గాని, మల్కాన్‌గిరి వారికి ఆ రెండు రోజులూ చాలా పొడవుగా ఉంటాయి. ఒడియావారి రజ పండుగకు సెలవు దొరకదని, వేసవిలో పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) ఉండదని ముందే చెప్పి ఉంచితే చాలు, ఆ లోటు త్వరగానే అలవాటవుతుంది.

ర్యాగింగ్ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలోనూ నిరోధక కమిటీ ఉండాలి. ఆ కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఎక్కడ రాసిపెట్టారో చూపించమని అడగండి. 1800-180-5522 అన్న సహాయ నంబరును పిల్లల చేత ఫోనులో దాచిపెట్టించండి.

సరిపడకపోతే తిరిగి వచ్చే దారి ఉందని కూడా బయలుదేరే ముందే పిల్లలతో స్పష్టంగా చెప్పాలి. 2018లో యూజీసీ ఇచ్చిన ప్రకటన ప్రకారం కళాశాలలు అసలు సర్టిఫికెట్లను తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదు. కనుక పరిశీలన అయిన వెంటనే వాటిని వెనక్కి తీసుకోండి. దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మార్కుల సంగతి అడిగే ముందు, రోజూ తనతో కలిసి భోజనానికి వెళ్లేవారి పేర్లు అడగండి. తడుముకోకుండా రెండు పేర్లు చెబితే నిశ్చింతగా ఉండవచ్చు. మాట దాటవేస్తే, సెలవులు ముగిశాక మీరు కూడా వెంట వెళ్లి రెండు రోజులు ఆ ఊళ్లో ఉండి రండి.