ఇంజిన్ బే (బానెట్ కింద ఇంజిన్ ఉండే చోటు) కడిగే ముందు ఇవి చూసుకోండి

బండి ఆపి రెండు గంటలైనా ఆగండి. నడిచిన ఇంజిన్‌లో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) 90 డిగ్రీల దగ్గర ఉంటుంది, ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. తాళం జేబులో పెట్టుకోండి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది.

బ్యాటరీకి ముందు నలుపు (–) టెర్మినల్ తీయండి, బిగించేటప్పుడు అది చివర. ఎరుపుది ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే గ్లౌజులు వేసుకుని, వంటసోడా నీళ్ళలో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి.

- ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది), ఫ్యూజ్ బాక్స్, ఎయిర్ ఫిల్టర్ గాలి పీల్చే మూతికి ప్లాస్టిక్ కవర్లు కట్టండి.
- ప్రెషర్ వాషర్ వద్దే వద్దు. తడిగుడ్డ, బ్రష్ చాలు.
- కిరోసిన్, పెట్రోల్ అసలే వాడకండి. మంటల ప్రమాదం ఒకటి, రబ్బరు పైపులు పాడవడం ఇంకొకటి.
- హైబ్రిడ్ (ఇంజిన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటార్ కూడా ఉన్న కారు) అయితే నారింజ రంగు వైర్ల జోలికి వెళ్ళొద్దు, అవి హై వోల్టేజ్.

వానాకాలంలో మూలల్లో టార్చ్ వేసి చూడండి. ఎండుటాకులు, ఎలుక గూడు, కొరికిన వైరు కనిపిస్తే తడి తగలనివ్వకుండా ముందు ఆటో ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.