తొలకరి పనులకు దిగేముందు పింజరి గురించి ఇంట్లో మాట్లాడుకోండి

మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడ్డాయంటే ఊళ్లో ఎవరూ ఇంటిపట్టున ఉండరు. పింజరికీ అదే సీజన్. రక్తపింజరి గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఒక్కో ఈతకు 20 నుంచి 40 దాకా, అదీ ఎక్కువగా మే, జులై మధ్యలో. నాట్ల వేళకు గట్ల మీద జానెడు పిల్లలు తిరుగుతుంటాయన్నమాట. పుట్టిన రోజు నుంచే వాటికి కోరలూ విషమూ ఉంటాయి. పిల్లపామే కదా అని చెప్పుకాలితో తన్నే సాహసం చేయొద్దు.

మన దగ్గర భయపడాల్సిన పింజరులు ముఖ్యంగా రెండు. రక్తపింజరిది లావాటి ఒళ్లు, త్రికోణపు తల. వీపు పొడవునా మూడు వరసల్లో నల్ల అంచున్న గోధుమరంగు మచ్చలు. కదిలిస్తే కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది. కొండచిలువ పిల్ల అనుకుని దీన్ని పట్టుకోబోయి కాటు తిన్నవాళ్లున్నారు. చిన్నపింజరి మూరెడు ఉంటుంది, రాయలసీమ లాంటి మెట్ట నేలల్లో, రాళ్ల సందుల్లో ఎక్కువ. ఒళ్లు ఒరుసుకుంటూ బరబరమని చప్పుడు చేస్తుంది.

నాగుపాము, కట్లపాము విషం నరాలను పట్టేస్తుంది. పింజరి విషం ముఖ్యంగా రక్తం మీద పడుతుంది. రక్తం గడ్డకట్టడానికి ఒంట్లో ఉన్న సరుకంతా ఒక్కసారిగా వాడేసి ఖాళీ చేస్తుంది. ఆ తర్వాత చిగుళ్ల నుంచి, కాటు గాటు నుంచి, సూది గుచ్చిన చోటు నుంచి రక్తం ఆగకుండా కారుతుంది. మూత్రం ఎర్రగా వస్తుంది. కాటు పడ్డ కాలు పిక్క దాకా వాచి బొబ్బలెక్కుతుంది. రక్తపింజరి కాటైతే కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా పోవచ్చు. దక్షిణాదిలో రక్తపింజరి కాటుకు రెప్పలు వాలిపోవడం కూడా కనిపిస్తుంది. ఇంత జరగబోతున్నా మొదటి గంటలో మనిషి మామూలుగానే మాట్లాడుతుండొచ్చు. నాకు టెన్షన్ పెట్టేది ఇదే. ‘బాగానే ఉన్నాడుగా, పొద్దున చూద్దాంలే’ అని పడుకోబెట్టేస్తారు.

ఆసుపత్రిలో చేసే పరీక్ష చాలా చిన్నది. కాస్త రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారిందంటే విషం ఎక్కినట్టే. మొదటిసారి గడ్డకట్టినా మళ్లీ మళ్లీ చూడాలి. అందుకే కనీసం 24 గంటలు అక్కడే ఉండమంటారు.

ఇక పొలం సంగతి. పాదరక్షలు లేకుండా గట్టెక్కొద్దు. నాటు మడిలో గంబూట్లు దిగబడిపోతాయి, నిజమే. కానీ పింజరి పొంచి ఉండేది గట్టు గడ్డిలో, కాబట్టి మడిలో దిగేదాకా అయినా వేసుకోండి. కూలీలకు బూట్ల ఖర్చు పొలం యజమానే పెట్టుకోవాలని నా అభిప్రాయం. రాత్రి మోటారు వేయడానికి వెళ్లేటప్పుడు సెల్‌ఫోన్ వెలుగు చాలదు, మంచి టార్చిలైటు, చేతికర్ర ఉండాలి. గడ్డివాములో, కట్టెల మోపులో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి. ఇంటి చుట్టూ గింజలు పడేస్తే ఎలుకలొస్తాయి, వాటి వెనకే పింజరి వస్తుంది.

వానలు పడకముందే చేయాల్సిన పని ఇంకొకటుంది. మీకు దగ్గరలో పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో ఉందో, రాత్రిపూట డాక్టర్ ఉంటారో లేదో ఈ వారమే వెళ్లి కనుక్కోండి. ఆ పేరు ఇంట్లో అందరికీ తెలియాలి.

కాటు పడితే కదలకుండా కూర్చోబెట్టండి. ఉంగరం, మెట్టెలు, కడియం తీసేయండి, వాపొస్తే బిగుసుకుపోతాయి. తాడు కట్టొద్దు. పింజరి విషాన్ని ఒక్కచోట బంధిస్తే అక్కడి కండే కుళ్లుతుంది. ఎవరైనా అప్పటికే కట్టి ఉంటే దాన్ని ఆసుపత్రిలోనే విప్పించండి. బ్లేడుతో కోయడం, పసరు పూయడం వద్దు. ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్ అసలే వద్దు, రక్తం గడ్డకట్టని ఒంట్లో ఆ సూది పోటే ప్రమాదం. మంత్రంతో తగ్గిందని చెప్పేవాళ్లు అబద్ధమాడకపోవచ్చు. విషం దిగని కాట్లు, విషం లేని పాముల కాట్లు చాలా ఉంటాయి. మీ ఇంట్లో పడ్డది ఏ రకమో మంత్రగాడికీ తెలియదు. 108కి ఫోన్ చేయండి, ఆలస్యమైతే బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లండి.

పామును చంపి పట్టుకురానక్కర్లేదు. మన దగ్గర ఇచ్చే మందు నాగు, కట్లపాము, రెండు పింజరులు, నాలుగింటికీ కలిపి చేసిందే. పిల్లలకైనా పెద్దలకైనా డోసు ఒకటే, ఎందుకంటే పాము ఎక్కించే విషం మనిషి వయసు చూసి తగ్గదు. మందు ఎక్కుతుండగా దురదలు, ఆయాసం వస్తే వెంటనే నర్సుకు చెప్పండి. మూత్రం ఎంత వస్తోందో, ఏ రంగులో ఉందో పక్కనున్నవాళ్లు గమనిస్తూ ఉండాలి. ఇంటికొచ్చిన వారం పది రోజులకు జ్వరం, కీళ్లనొప్పులు, దద్దుర్లు వస్తే అది మందు వల్ల కావచ్చు, మళ్లీ అదే ఆసుపత్రికి వెళ్లి చూపించుకోండి.